థర్మామీటరు గారి చేతులు

రోజూ పొద్దున్నే ఆఫీసుకు రాగానే ఆయన చేసే మొదటి పని టేబుల్ తుడుచుకోవడం. గదిలో సగం ఆక్రమించిన ఆ టేబుల్ నిండా పరిచిన పెద్ద పటం, దాని మీద చెక్క బిళ్ళలు. ఒక్కో బిళ్ళ ఒక్కో దళం. పాత యుద్ధాలను ఆ పటం మీద మళ్ళీ నడిపించి, ఎవరు ఎక్కడ దెబ్బతిన్నారో, ఎందుకు తిన్నారో తేల్చడం ఆ రక్షణ పరిశోధన సంస్థలో ఆయన ఉద్యోగం. ఏ దళం నాశనమైతే ఆ బిళ్ళ మంచుగడ్డలా చల్లబడేది. తెల్లారేసరికి దానికి చెమట పట్టి పటం తడిసేది. ఆ తడే ఆయన తుడిచేది.

దీన్ని అక్కడెవరూ వింత అనుకోలేదు. చెక్క నాసిరకం అయ్యుంటుందని స్టోర్సువాళ్ళు కొన్నాళ్ళు గొణిగి ఊరుకున్నారు. ఎండాకాలంలో టైపిస్టు తన నీళ్ళ సీసా తెచ్చి, తుడిచిపెట్టుకుపోయిన ఒక గుర్రపు దళం పక్కన పెట్టుకునేది. "పాపం, ఎప్పుడో పోయి కూడా మన నీళ్ళు చల్లబరుస్తున్నారండీ" అనేది.

ఆయనకు పేరొచ్చింది కూడా ఆ చలివల్లే. ఒకానొక పోరులో ఎడమవైపు సైన్యం తప్పించుకుందని పుస్తకాలన్నీ రాస్తే, ఈయన ఆ బిళ్ళ పట్టుకుని, "లేదు, వీళ్ళెవరూ మిగల్లేదు" అన్నాడు. తర్వాత అక్కడ తవ్వితే ఎముకలు బయటపడ్డాయి. అప్పట్నుంచి పైవాళ్ళు జరిగినవే కాదు, జరగబోయేవి కూడా తెచ్చి ఆయన ముందు పెట్టసాగారు. ఆయన బిళ్ళను నడిపి, వేళ్ళతో తాకి, "వెళ్ళొచ్చు" అనో "వద్దు" అనో చెప్పేవాడు. వెనకాల అందరూ ఆయన్ని థర్మామీటరు అనేవాళ్ళు. ఆ సంగతి ఆయనకు తెలుసు. లోలోపల మురిసిపోయేవాడు కూడా.

వాళ్ళకు తెలియంది ఒకటుంది. ముప్పై ఏళ్ళ చలికి ఆయన వేళ్ళు ఎప్పుడో మొద్దుబారిపోయాయి.

భార్యకు తెలుసు. "ఏమండీ, గిన్నె కాలుతోంది, దించండి!" అని ఆవిడ అరిచేదాకా వేడి గిన్నె పట్టుకుని అలాగే నిలబడేవాడు. ఆఫీసులో చెప్పరాదూ అంటే, "చెప్తే కొత్త చేతులిస్తారా?" అని నవ్వేసేవాడు. చెప్తే ఆ గదిలో ఆయన కుర్చీ ఉండదు. ఆ కుర్చీ లేకపోతే తనెవరో ఆయనకే తెలీదు. అందుకని చదివినదాన్నిబట్టి, నేలవాలునుబట్టి అంచనా కట్టి, తాకినట్టు నటించి ఏదో ఒకటి చెప్పేసేవాడు. చాలాసార్లు సరిపోయేది. సరిపోనప్పుడు, యుద్ధమన్నాక ఇవి తప్పవని పైవాళ్ళే సర్దిచెప్పుకునేవాళ్ళు. మొదట్లో ఆయనకు భయమేసేది. తర్వాత అదీ పోయింది.

ఒక సాయంత్రం కూతురు ఫోన్ చేసింది. సైన్యంలో వంతెనలు కట్టే దళంలో ఇంజనీరు ఆ పిల్ల.

"నాన్నా, ఎక్కడికో పంపిస్తున్నారు. ఎక్కడికని చెప్పకూడదు."

"చెప్పకు మరి."

"ఈతొచ్చినవాళ్ళని విడిగా నిలబెట్టారు."

"నీకు వచ్చుగా."

"వచ్చులే. అమ్మతో అనకు."

ఫోన్ పెట్టేశాక ఆయనకు ఏమీ అనిపించలేదు. ఏదో అనిపించాలని మాత్రం తెలుసు. గోడకేసి చూస్తూ కాసేపు దానికోసం కాచుకున్నాడు. రాలేదు.

మర్నాడు నది దాటే పథకం వచ్చింది. డైరెక్టరు, ఇద్దరు సైనికాధికారులు టేబుల్ చుట్టూ చేరారు. అందరికంటే ముందు దిగాల్సింది వంతెనల దళం. ఆయన ఆ బిళ్ళను గట్టుదాకా జరిపాడు, నీళ్ళలోంచి అవతలికి చేర్చాడు. వేళ్ళ కింద చెక్క ఉందో లేదో కూడా తెలియలేదు. పథకానికి వంక పెట్టడానికి లేదు. ఇంకో రోజైతే ఈపాటికి సరేననేసేవాడు.

"ఏమంటారండీ, వెళ్ళొచ్చా?" అన్నాడు పెద్ద అధికారి గడియారం చూసుకుంటూ.

ఆయన బిళ్ళను ఎత్తి చెంపకు ఆనించుకున్నాడు.

పళ్ళు జివ్వుమన్నాయి. చలి కంటిదాకా పాకింది. అంత చల్లటి బిళ్ళ ఏ పాత యుద్ధంలోనూ ఆయన ఎరగడు.

"వద్దు," అన్నాడు. "ఒక్కరు కూడా తిరిగి రారు."

అధికారులు కాగితాలు సర్దుకుని, ప్రయాణం ఆపేయమని ఫోన్లలో చెప్పుకుంటూ వెళ్ళిపోయారు. డైరెక్టరు మాత్రం కదల్లేదు. ఇన్నేళ్ళూ ఎదురు గదిలో కూర్చున్న మనిషి.

"ఎప్పుడూ చేత్తో చూసేవాడివి. ఇవాళ చెంపకెందుకు పెట్టుకున్నావు?"

చెంప ఇంకా మండుతోంది. కూతురు బతికిపోయింది. ఆ సంతోషం మంటతోపాటే ముఖంలోకి ఎక్కుతుంటే, దాని వెనకాలే ఇంకేదో కూడా బయల్దేరి వస్తోందని ఆయనకు అర్థమైంది.

"చేతులకు తెలియడం లేదు," అన్నాడు. "చాలా ఏళ్ళయింది."

డైరెక్టరు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పటం వంక చూస్తూ, గొంతు పెంచకుండానే అడిగాడు.

"కిందటేడు కనుమ దారిలో మా అబ్బాయి పోయాడు. వెళ్ళొచ్చని నువ్వు చెప్పాకే వాళ్ళు కదిలారు. ఆ బిళ్ళను ఎలా చూశావు?"

"చేత్తోనే," అన్నాడు ఆయన.