పువ్వుగా పోయిన ఆడవాళ్లు

నెల్లితోపులో జగన్నాథన్ ఇంట్లో ప్రతి పొద్దూ ఆయన గుండె చుట్టూనే తెల్లవారేది. గుండెకేమీ కాలేదు లెండి, కొంచెం బీపీ, అంతే. అయినా ఉప్పు తగ్గించిన కూర, వేళకి మాత్ర, బీచిలో నడక, ఏడాదికోసారి ఈసీజీ. ఇవన్నీ చూసుకునే భార్య వేదవల్లికి మాత్రం అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలిందే. కొన్నాళ్లుగా ఆమెకి మెట్లెక్కితే ఆయాసం, ఈపులో నొప్పి, అప్పుడప్పుడూ దవడ లాగడం. "గ్యాస్" అనుకునేది తను. "ఓమం నీళ్లు తాగు" అనేవాడు ఆయన. ఆడదాని జబ్బుకి వంటింట్లో లేని మందు ఇంకెక్కడుంటుంది మనకి!

ఆ ఇంటి ఆడవాళ్లు తొందరగా పోయేవాళ్లు. జగన్నాథన్ తల్లి అన్నమ్మాళ్ పొయ్యి దగ్గర కూలబడి పోయింది. అక్క జయంతి బట్టలు ఆరేస్తూ పోయింది. ఇద్దరూ మొగుడుండగానే, పసుపు కుంకుమలతో. "పువ్వుగా పోయినారు, ఎంత పుణ్యమో" అని వీధంతా మెచ్చుకుంది. ఏం జబ్బని ఒక్కరూ అడగలేదు. అలా పోయినవాళ్లని పూవాడైక్కారి, అంటే పూలవాసనమ్మ, అని కొలిచి, తమిళుల ఆడి నెలలో ఒక శుక్రవారం కొత్త చీర పెట్టి, ఆకేసి వడ్డించడం వాళ్ల వాడుక. అన్నమ్మాళ్ వేదవల్లికి అత్తే కాదు, సొంత మేనత్త. ఆ వడ్డన వేదవల్లి ఇంకొకరి చేతికి ఇచ్చేది కాదు.

సునామీ వచ్చిన మరుసటేడు కూడా పోయిన ఆ ఇద్దరూ ఎప్పటిలాగే టౌను బస్సు దిగి వచ్చారు. పక్కింటి ఏలుమలై గేటు తీసి, "ఎండగా ఉండాదే, గొడుగు తేలేదా పెద్దమ్మా" అన్నాడు. కాళ్లు కడుక్కుని ఆకుల ముందు కూర్చున్నారు. పోయినవాళ్లు మాట్లాడరు. తింటారు, చీర తీసుకుంటారు, సాయంత్రం బస్సుకి వెళ్లిపోతారు.

పొద్దుటి నుంచీ వడలు కాల్చిన వేదవల్లి పాయసం వడ్డించబోయి ఆగిపోయింది. నుదుటిమీద చల్లటి చెమట. చెయ్యి దానంతటదే దవడకి పోయింది.

అన్నమ్మాళ్ తలెత్తింది. "ఏందే వల్లీ, దవడ లాగుతుండాదా?"

పోయాక ఆ గొంతు ఎవరూ వినలేదు. వేదవల్లి తడబడింది. "గ్యాస్ అత్తా. మీరు తినండి, చల్లారిపోతాది."

"నాకూ గ్యాసే అన్నారు. ఓమం నీళ్లు తాగి పొయ్యి కాడికి పోతిని."

"నాకు దవడ గూడా కాదు," అంది జయంతి, ఆకులోకే చూస్తూ. "ఈపు, ఒకటే అలుపు. బట్టలు ఆరేసి పడుకుందామనుకుంటి."

జగన్నాథన్ నచ్చజెప్పబోయాడు. "పూజ కానీమ్మా. సాయంత్రం చూపిస్తాలే."

అన్నమ్మాళ్ ముద్ద ముట్టకుండానే ఆకు మడిచేసింది. ఇంటికి అంతకన్నా అరిష్టం లేదు. కొత్త చీర తీసి కొడుకు ఒళ్లో పడేసింది. "వచ్చే ఏడు మూడు చీరలు కొనాలని ఉండాదా నీకు? ఆటో పిలువు."

వేదవల్లి కూతురు మీనా అప్పటికే వీధిలోకి పరుగెత్తింది.

గోరిమేడు ఆసుపత్రిలో ఈసీజీ తీసి వేదవల్లిని లోపలికి తీసుకుపోయారు. గుండెపోటేనని, రక్తనాళం మూసుకుపోతోందని, టైముకి తెచ్చారు కాబట్టి బతుకుతుందని చిన్న వయసు డాక్టరమ్మ బయటికొచ్చి చెప్పింది. జగన్నాథన్ బెంచీ మీద కూర్చుండిపోయాడు. ఆమె లేని ఇల్లు ఆయనకి ఊహకే అందలేదు.

"ఇంట్లో ఇంకెవరికైనా గుండెజబ్బు ఉందా?" అని అడిగింది డాక్టరమ్మ.

"లేదమ్మా. మా నాయన ఎనభై దాటి బతికినాడు." ఏటా తన ఈసీజీ అప్పుడు చెప్పే జవాబే అది.

"ఆడవాళ్లకి?"

ఆయన పక్కన నిలబడిన మీనాని చూశాడు.

"మా అమ్మకి ఉండె," అన్నాడు. "మా అక్కకీ ఉండె. మేము పూజ చేసుకుంటా ఉంటిమి."