రంపానికి నేను చేసిన మేలు

మా మామగారు నన్ను నమ్మి రెండే ఇచ్చారు. ఒకటి కూతురు, రెండోది పెట్రోలుతో నడిచే చైన్ రంపం. కూతుర్ని ఇచ్చేటప్పుడు "జాగ్రత్త" అని ఒక్క మాట అన్నారు. రంపం ఇచ్చేటప్పుడు గంటన్నర మాట్లాడారు. మధ్యలో మంచినీళ్లు తాగారు.

ఆ రంపం నా చేతికి రావడానికి పెళ్లయ్యాక తొమ్మిదేళ్లు పట్టింది. ఆ తొమ్మిదేళ్లూ ఆయన నన్ను "ఏమయ్యా" అనే పిలిచారు. పెద్దల్లుణ్ణి మాత్రం మొదటి రోజు నుంచీ "అల్లుడుగారూ" అంటారు. ఆ పెద్దల్లుడికి సొంత నిచ్చెన ఉంది.

మా పెరట్లో గోడ మీదికి ఒరిగిన కొమ్మ కొట్టడానికని రంపం తెచ్చాను. కొమ్మ ఎక్కడికీ పోదు కదా, ముందు రంపాన్ని మెరుగుపరుద్దామనుకున్నాను. ఫోనులో పదకొండు వీడియోలు చూశాను. పన్నెండోదాని పేరు 'ఈ తప్పులు చేయకండి'. అది తర్వాత చూద్దాంలే అని పక్కన పెట్టాను.

సైలెన్సర్‌కి మూడు రంధ్రాలు వేశాను. ఇంజన్లోంచి పొగ బయటికి పోయే దారిని చిన్న గ్రైండర్‌తో వెడల్పు చేశాను. తిరిగి బిగించాక ఒక స్క్రూ మిగిలింది. అవసరం లేనిదై ఉంటుందని డబ్బాలో దాచాను. తాడు లాగితే వచ్చిన మోతకి ఎదురింటాయన బయటికొచ్చి, కొత్త బండి కొన్నామనుకుని నన్ను అభినందించి వెళ్లాడు.

అయిదు రోజులు ఇంటికి ఎవరొచ్చినా మోగించి వినిపించాను. మా ఆవిడ స్నేహితురాలు టీ సగంలో వదిలేసి వెళ్లిపోయింది. ఆరో రోజు రంపం సన్నగా ఈల వేసి ఆగిపోయింది. తాడు లాగితే కదల్లేదు.

ఆ సాయంత్రమే ఫోను. "ఏమయ్యా, గాలికి మా గేటుకి అడ్డంగా చెట్టు పడింది. శనివారం రంపం పట్టుకురా." అది మంగళవారం.

మర్నాడు రిపేరు షాపుకి వెళ్లాను. మెకానిక్ ఆవిడకు యాభై దాటి ఉంటాయి. మెడలో తాడుకి కళ్లద్దాలు, చుట్టూ గడ్డి కోసే మిషన్లు, నీటి పంపులు.

"ఏమైంది బాబూ?"

"ఏమీ చేయలేదండీ. దానంతట అదే ఆగింది."

ఆవిడ సైలెన్సర్ వైపు చూసింది. మూడు రంధ్రాలూ ఆవిడ వైపు చూశాయి.

"ఇవి కూడా వాటంతట అవే పడ్డాయా?"

"అంటే... కాస్త ఊపిరాడుతుందని."

"ఆడట్లేదని మీతో చెప్పిందా?"

ప్లగ్గు విప్పి వెలుతురులో పెట్టింది. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది.

"శుభ్రంగానే ఉందండీ," అన్నాను.

"శుభ్రం కాదు, కాలింది. కాఫీ రంగులో ఉండాలిది."

సైలెన్సర్ ఊడదీసి లోపలికి టార్చి వేసి, నన్నూ చూడమంది. పిస్టన్ మీద పిల్లి గోళ్లు పెట్టినట్టు నిలువు గీతలు.

"ఎన్ని చెట్లు కోశారు దీంతో?"

"ఇంకా మొదలుపెట్టలేదండీ."

"మరి?"

"మోగించాం."

ఆవిడ కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది. "దీనికి నూనె పెట్రోల్లోనే కలిసి వెళ్తుంది. మీరు పొగ దారి పెద్దది చేశారు, పెట్రోలు స్క్రూ మాత్రం తిప్పలేదు. గాలి ఎక్కువై, పెట్రోలు తక్కువై, నూనె అందక పట్టేసింది."

ఆ పెట్రోలు స్క్రూ సంగతి పన్నెండో వీడియోలో ఉండి ఉంటుంది.

అంతటితో ఆవిడ వదల్లేదు. ఇంజన్ దారులన్నీ రబ్బరు ముక్కలతో మూసి, చేతిపంపుతో లోపలికి గాలి కొట్టి, పైన సబ్బునీళ్లు పోసింది. కార్బొరేటర్ బిగించే చోట బుడగలు లేచాయి.

"ఇక్కడ కూడా గాలి పీలుస్తోంది. ఇక్కడా చెయ్యి పెట్టారా?"

"లేదండీ, ఒట్టు!"

"ఇందాక కూడా ఏమీ చేయలేదనే అన్నారు."

అక్కడ విప్పితే, గాలి దూరకుండా మధ్యలో పెట్టే గ్యాస్కెట్ బయటపడింది. కంపెనీది కాదు. ఎవరో కత్తెరతో కత్తిరించిన అట్టముక్క. ముదురు ఎరుపు మీద బంగారు అక్షరాలు. నేను వెంటనే గుర్తుపట్టాను. అది మా పెళ్లి శుభలేఖ.

మామగారు మూడొందల మందిని పిలవడానికి రెండువేల కార్డులు అచ్చు వేయించారు. తొమ్మిదేళ్లుగా ఆ ఇంట్లో సరుకుల చీటీ రాయాలన్నా, టేబుల్ కాలు కింద ఎత్తు పెట్టాలన్నా మా శుభలేఖే. ఇంజన్లోకి కూడా వెళ్లిందని తెలియదు. మధ్య రంధ్రానికి ముందు 'చిరంజీవి' అని ఉంది. తర్వాత 'కిచ్చి' అని ఉంది. నడుమ ఉండాల్సిన నేను లేను.

"ఎవరి పనితనం ఇది?"

"మా మామగారిదండీ."

"మంచి జోడీ. ఆయన గాలి రావడానికి దారిచ్చారు, మీరు పొగ పోవడానికి దారిచ్చారు. మధ్యలో పిస్టన్ పోయింది."

శుక్రవారానికి కొత్త సిలిండరు, కొత్త పిస్టన్, అసలైన గ్యాస్కెట్, ఇంకో రంపంలోంచి తీసిన సైలెన్సర్ పడ్డాయి. స్టార్ట్ చేస్తే రంపం తడబడుతూ మోగింది. నా మొహం చూసి ఆవిడ ఒక దుంగ మీద ఆనించింది. కట్టెలో దిగగానే గొంతు సాఫీ అయింది.

"ఖాళీగా తిరిగేటప్పుడు నత్తిగానే ఉండాలి. ఖాళీగా ఉన్నప్పుడే గొప్పగా మోగిందంటే లోపల కాలుతున్నట్టు."

ఇది రంపం గురించేనని రెండుసార్లు ఆలోచించి నిర్ధారించుకున్నాను. పాత సామాన్లు, శుభలేఖ ముక్కతో సహా, ఒక కవర్లో పెట్టిచ్చింది.

శనివారం గేటు ముందు మామగారు తాడు లాగారు. తల వంచి విన్నారు.

"గొంతు మారిందేమయ్యా?"

"శుభ్రం చేయించానండీ."

"ఎంతవరకు?"

"కార్బొరేటర్ వరకు."

ఆయన రంపం ఆపేశారు. కవరు నా జేబులో ఉంది. బయటికి తీస్తే ఈ ఇంట్లో మొదటిసారి గెలుస్తాను. తీద్దామనుకునేంతలో ఆయన వంగి సైలెన్సర్ చూశారు.

"ఇది మనది కాదే?"

"మనదానికి రంధ్రాలు పడ్డాయండీ."

"వాటంతట అవే?"

"ఆఁ. మీ కార్బొరేటర్ దగ్గర శుభలేఖ వచ్చినట్టే."

గేటు లోపలి నుంచి మా ఆవిడ, "ఏంటి నాన్నా, ఇంకా మొదలుపెట్టలేదా?" అని కేకేసింది. ఇద్దరం చెట్టు వైపు చూశాం. చెట్టు చాలాసేపు చూడదగ్గదిగానే ఉంది.

"అమ్మాయికి తెలుసా?" అన్నారు మెల్లగా.

"ఏది? మీదా, నాదా?"

"రెండూ."

"లేదండీ."

మామగారు గొంతు సవరించుకున్నారు. రంపం నా వైపు చాచారు. "అయితే మీరే కొయ్యండి, అల్లుడుగారూ."

తీసుకున్నాను. ఏ చెయ్యి ఎక్కడ పెట్టాలో పదకొండు వీడియోల్లోనూ ఎవరూ చెప్పలేదు. ఆయన కాసేపు చూసి, దగ్గరికొచ్చి, నా చేతులు రెండూ పట్టుకుని సరైన చోట పెట్టారు. ఈసారి గంటన్నర మాట్లాడలేదు.

"జాగ్రత్త," అన్నారు.