వేడి మాట

సిరొంచ బస్‌స్టాండు రోడ్డు మీద పొద్దున్నే తెరుచుకునే దుకాణాల్లో సగం పిల్లలవే. బడి గంట కొట్టేలోపు వాళ్ల వ్యాపారం అయిపోవాలి. సన్నీ సైకిళ్లకు పంక్చర్లు వేస్తాడు. ఆశ మిర్చి బజ్జీలు వేస్తుంది. ఆశ బండి పక్కన, రేకుల పందిరి కింద త్రివేణి ఇస్త్రీ బల్ల. పెద్దవాళ్లు ఆ బజ్జీలు తింటూ, ఆ ఇస్త్రీ చొక్కాలు వేసుకుని, ఈ కాలం పిల్లలకు బాధ్యత తెలియడం లేదని మాట్లాడుకుంటారు.

త్రివేణి బల్ల మీద మడతపెట్టిన దుప్పటి, దాని మీద తెల్లగుడ్డ, పక్కన నీళ్ల చెంబు ఉంటాయి. ఇస్త్రీ పెట్టె ఉండదు. బొగ్గులు ఉండవు, కరెంటు తీగ ఉండదు. త్రివేణికి కోపమొస్తే అరచేతులు వేడెక్కుతాయి. తల్లి ముత్తక్క చొక్కా పరిచి నీళ్లు చల్లుతుంది. త్రివేణి అరచేయి ఆనించి ఇటు నుంచి అటు తోస్తుంది. సుయ్యిమని ఆవిరి లేస్తుంది, కాలరు కొత్తదానిలా నిలబడుతుంది.

ఇది ఆమె ఐదో తరగతిలో మొదలైంది. తడిసిన గౌనుతో బడికొచ్చిందని ఎవరో నవ్వితే, కోపంతో రెండు చేతులూ గౌనుకు అదిమిపెట్టుకుని నిలబడింది. గౌను ఆరిపోయింది, ముడతలు కూడా పోయాయి. ఊరేమీ వింతపడలేదు. పట్టుచీరలకు పనికొస్తుందా, గంజి పెట్టినవి చేస్తావా అని మాత్రం అడిగారు. కరెంటు ఆఫీసు లైన్‌మన్ కూడా తన యూనిఫారం ఇక్కడికే తెస్తాడు. వాళ్లింట్లో కరెంటు ఉండదు మరి.

కోపం ఊరికే రాదు కదా! అందుకని ఊళ్లో ఒక పద్ధతి ఏర్పడింది. బట్టలిచ్చేవాళ్లు వాటితోపాటు ఒక వేడి మాట కూడా ఇవ్వాలి. పిల్ల ఒళ్లు మండేలా ఏదో ఒకటి అనాలి. సాయంత్రం బట్టలు తీసుకునేటప్పుడు, "పొద్దుగాల అన్న మాట వాపస్ బిడ్డా" అని ఆ మాట వెనక్కి తీసుకోవాలి. అప్పుడు త్రివేణి చేతులు చల్లబడతాయి, కడుపులో ఏమీ మిగలదు. అది కోపం కాదు, వ్యాపారం అని అందరూ అనుకున్నారు. త్రివేణి కూడా అలాగే అనుకుంది.

నల్లాలో నీళ్లెందుకు రావడం లేదని అడగడానికి నోరు పెగలని ఊరది. పదహారేళ్ల పిల్లను ఎక్కడ పొడిస్తే మండుతుందో చెప్పడానికి మాత్రం వరసకట్టింది. "నీ రంగుకు ఎవడు చేస్కుంటడే?" అంటాడొకడు. "మీ తాత మా పొలంల జీతం ఉన్నడు, యాదికున్నదా?" అంటాడింకొకడు. సాయంత్రానికి అందరూ వాపసు తీసుకుంటారు, నిజమే. కానీ అంత పదునైన మాట అంత తొందరగా నోటికెలా వచ్చింది? ముందే లోపల పెట్టుకుని ఉంటేనే కదా! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ముసలి బీరమ్మకు మాత్రం తిట్టడం చేతకాదు. ఒకరోజు చీర బల్ల మీద పెట్టి చాలాసేపు ఆలోచించి, "నిన్న నా కొడుకు నన్ను కొట్టిండు" అంది. త్రివేణి చేతులు భగ్గుమన్నాయి. చీర అంచు కమిలి గోధుమరంగుకు తిరిగింది. సాయంత్రం బీరమ్మ ఆ చీర తీసుకుని, కమిలిన అంచును లోపలికి మడిచింది. "నిజమైన మాటను ఎట్ల వాపస్ తీస్కోను బిడ్డా?" అని వెళ్లిపోయింది.

త్రివేణి తండ్రి లస్మయ్య ఇదివరకు మిర్చి ఏరడానికి గోదావరి అవతలికి కూలికి వెళ్లేవాడు. బల్ల నడవడం మొదలయ్యాక మానేశాడు. పందిరి కింద కుర్చీ వేసుకుని డబ్బులు తీసుకోవడం ఇప్పుడాయన పని. పైన 'లస్మయ్య ఇస్త్రీ సెంటర్' అని బోర్డు కూడా కట్టించాడు. ఎవరైనా సేఠ్ అని పిలిస్తే, వినపడనట్టు మొహం పెట్టి రెండోసారి పిలిపించుకుంటాడు.

ఆ వేసవిలో పదో తరగతి ఫలితాలొచ్చాయి. త్రివేణికీ ఆశకూ మంచి మార్కులు వచ్చాయి. అల్లపల్లిలో హాస్టల్లో ఉండి పదకొండో తరగతి సైన్సు చదవాలని ఇద్దరూ ఎప్పుడో అనుకున్నారు. వేడి ఎక్కడి నుంచి పుడుతుందో, ఎక్కడికి పోతుందో త్రివేణికి తెలుసుకోవాలని ఉంది. తన చేతుల సంగతి ఏదో ఒక పుస్తకంలో ఉండే ఉంటుందని ఆమె నమ్మకం.

మరునాడు పొద్దున లస్మయ్య తన తెల్ల అంగీ బల్ల మీద పడేశాడు. "అల్లపల్లి లేదు, గిల్లపల్లి లేదు. సదివింది సాలు. ఈడనే ఉంటవ్" అన్నాడు.

త్రివేణి చేతులు చుర్రుమన్నాయి. బాపు మంచి మాటే వెతికి తెచ్చాడని లోపల నవ్వుకుని, అంగీ చేసి ఇచ్చింది. లస్మయ్య తొడుక్కుని వెళ్లిపోయాడు. మాట వాపసు తీసుకోలేదు.

"మర్చిపోయిండు" అంది త్రివేణి ఆశతో.

మర్నాడు కూడా మర్చిపోయాడు. ఆ వారమంతా మర్చిపోతూనే ఉన్నాడు. చేతులు చల్లబడలేదు. పొద్దున లేచేసరికే వేడిగా ఉంటున్నాయి, ఎవరూ ఏమీ అనక్కర్లేదు. అన్నం ముద్ద నోటిదాకా వచ్చేలోపు ఎండిపోతోంది. బల్ల మీద పని మాత్రం జోరుగా సాగింది. మూటలు ఎన్నొచ్చినా మధ్యాహ్నానికి అయిపోతున్నాయి. లస్మయ్య ఆ మూటల్నీ, కూతురి చేతుల్నీ చూసి మీసం దువ్వుకున్నాడు.

"జర అడుగు పోరీ" అంది ఆశ. అప్పటికే ఆమె పెట్టె సర్దుకుంది. "ఊకుంటె రోజులు పోతున్నయ్."

"అడుగుతె ఏం బాగుంటది? వేడి మాటను అన్నోళ్లే వాపస్ తీస్కోవాలె. ఇయ్యాల కాకుంటె రేపు తీస్కుంటడు."

ఆశ వెళ్లిపోయింది. బజ్జీల బండి మీద టార్పాలిన్ కప్పేశారు. త్రివేణి ఇంకా ఎదురుచూస్తూనే ఉంది. ఇలాంటి పొరపాటు ఆ బల్ల దగ్గర పెరిగిన పిల్ల మాత్రమే చేయగలదు. కన్నతండ్రి తన బతుకు మూసేస్తుంటే, గిరాకీ మాట అనుకుని నవ్వుకుంటూ కూర్చుంది.

ఒక సాయంత్రం భీమ్‌రావు సారు చొక్కాలు తీసుకుని వచ్చాడు. బడిలో లెక్కలు చెప్పేది ఆయనే. ఆ రోజు పందిరి కింద జనం బాగా ఉన్నారు. తాలూకాలో పేరున్న ఒక కాంట్రాక్టరు రేపటి సభకోసం తన తెల్లబట్టల మూట పంపించాడు. దాని పని ముందు కావాలని లస్మయ్య తొందరపెడుతున్నాడు. సారు ఎప్పుడూ, "నీకు గణితం రాదు" అని చొక్కా ఇచ్చేవాడు. ఆ రోజు వేడి మాట అనలేదు.

"ఎందుకు వద్దనుకున్నవ్ త్రివేణీ? ఎల్లుండి ప్రవేశాలు బంద్ అయితయ్" అన్నాడు.

"ఎవరు వద్దన్నరు సర్?"

"మీ బాపునే అడిగిన. పోరికి ఇష్టం లేదు, ఏడ్సుకుంట కూసున్నదని చెప్పిండు."

త్రివేణి తండ్రి వైపు తిరిగింది. "బాపూ, నువ్వన్న మాట వాపస్ తీస్కుంటవా?"

"ఏ మాట?"

"అల్లపల్లి లేదన్న మాట."

లస్మయ్య చుట్టూ ఉన్న జనాన్ని చూశాడు. అబద్ధం చెప్పాల్సిన అవసరం కూడా ఆయనకు కనపడలేదు. "గది వేడి మాట ఎందుకైతది బిడ్డా? నిజంగనే అన్న. నువ్వు పోతె ఈ బల్ల ఎవరు నడుపుతరు? అయినా సూడు, ఆ మాట అన్నకాంచి నీ చేతులు ఎంత మంచిగ కాగుతున్నయో! ఒక్కలు తిట్టే పని లేదు. ఇగ పని చెయ్, రేపు సభ ఉన్నది" అన్నాడు.

ముత్తక్క కాంట్రాక్టరు అంగీ పరిచి నీళ్లు చల్లింది. త్రివేణి దాని మీద అరచేయి పెట్టింది. ఆవిరి లేవలేదు. చేయి అంగీలోంచి దిగింది, దుప్పటిలోంచి దిగింది, టేకు చెక్కలోంచి దిగి బల్ల కింద బయటపడింది. మంట రాలేదు. మాడిన వాసన మాత్రం బస్‌స్టాండు దాకా పోయింది.

త్రివేణి చేయి బయటికి లాగి, పక్కనున్న పైజామా మీద పెట్టింది. తర్వాత కండువా మీద. అరవలేదు, ఏడవలేదు. పొద్దున్నుంచి చేస్తున్న పనే చేస్తున్నట్టు ఒక్కొక్కటీ పరుచుకుంది. ప్రతి బట్టకూ ఐదు వేళ్ల కంత పడింది.

అప్పుడు చూడాలి ఊరిని! "నా మాట వాపస్ బిడ్డా!" "నీ రంగుకేం, బంగారం అసొంటి పిల్లవు!" "మీ తాత దేవుడు!" అని అరుస్తూ ఎవరి మూట వాళ్లు లాక్కుని పరిగెత్తారు. త్రివేణి వాళ్ల వైపు చూడనైనా లేదు. ఆమెను కాలుస్తున్న మాట వాళ్లది కాదు. భీమ్‌రావు సారు మాత్రం నలిగిన చొక్కాలు చంకలో పెట్టుకుని అక్కడే నిలబడ్డాడు. "ఎల్లుండి" అని ముత్తక్కతో మళ్లీ ఒకసారి చెప్పి వెళ్లాడు.

లస్మయ్య మర్నాడంతా ఇంట్లో తిరుగుతూనే ఉన్నాడు. కాంట్రాక్టరు మనుషులు వచ్చి తిట్టిపోయారు. ఒక్క మూట కూడా రాలేదు. "కోపం ఎన్నొద్దులుంటది? చల్లారితె మల్ల బల్ల ఏద్దాం. రేపు పొద్దుగాల ఒక గుడ్డ పెట్టి సూడు" అని భార్యకు చెప్పాడు.

తెల్లవారి త్రివేణి లేచేసరికి చేతులు చల్లగా ఉన్నాయి. బావినీళ్లలా చల్లగా ఉన్నాయి. ఆమెకు భయమేసింది. ఇంతకాలం లేని భయం అది. మళ్లీ బల్ల, మళ్లీ వరస, మళ్లీ ఆ మాటలు. వేడెక్కమని అరచేతులు రెండూ రుద్దుకుంది. ఏమీ కాలేదు.

ముత్తక్క పాత తెల్లగుడ్డతో లోపలికి వచ్చింది. కూతురి అరచేతుల మధ్య పెట్టి అదిమింది. తీసి చూసింది. గుడ్డ పెట్టినట్టే ఉంది. గుడ్డ తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. కాసేపటికి వాకిట్లో ఆమె గొంతు వినిపించింది. ఆ గొంతు అంత పెద్దగా ఉంటుందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

"ఇగో, సూడు! ఇంకా కాలుతనే ఉన్నయ్. ఇగ జల్మల చల్లారవ్. ఇసొంటి పిల్లను ఇంట్ల పెట్టుకుంటె ఒకరోజు ఇల్లే అంటుకుంటది. అల్లపల్లి తోలుడే."

లస్మయ్య మాడిన గుడ్డను చూశాడు, పైన ఇంటి వాసాలను చూశాడు. "సరే, తోలు. చల్లారినంక తీస్కొస్త" అని గొణిగి, కాలికి చెప్పులు తొడుక్కుని బయటికి పోయాడు.

త్రివేణి వంటింట్లోకి వచ్చింది. పొయ్యి వెలిగించి లేదు. బూడిదలో పిల్లి ముడుచుకుని నిద్రపోతోంది. ముత్తక్క గుడ్డను గడప మీద వదిలి, సంచిలో బట్టలు కుక్కుతోంది. త్రివేణి గుడ్డ తీసి విప్పింది. నల్లగా మాడిన ముద్ర మీద తన చేయి పెట్టి చూసుకుంది. ముద్ర వేళ్లు తన వేళ్లకంటే పొడుగున్నాయి, అరచేయి వెడల్పుగా ఉంది.

"ఎప్పటిసంది అమ్మా?"

"నువ్వు పుట్టకముందు సంది."

"ఎవ్వరికీ చెప్పలేదా?"

"చెప్తె నా ముందట గూడ బల్ల పెడుతుండిరి" అంది ముత్తక్క. సంచి భుజానికి తగిలించుకుంది. "నడువు, బస్సు పోతది."