ట్రాక్టరుకు మైల

జయరాజు మూత విప్పేసరికి ట్రాక్టరు మ్యాగ్నెటోలోంచి ఆవు పంచితం కంపు గుప్పుమంది. ఛీ అని మొహం పక్కకు తిప్పుకొని, ఊపిరి బిగపట్టి, భుజం మీది తువ్వాలు కొసను లోపలికి దోపి తుడవసాగాడు. తువ్వాలుకు పచ్చగా పసుపంటింది. రోజూ మొహం తుడుచుకునే తువ్వాలే అది. వేరే గుడ్డపేలిక ఇవ్వమంటే యజమాని ఇంట్లో ఇచ్చేదెవరు?

చైనా యుద్ధం అయిన మరుసటి ఏటి పుష్యమాసం. పెనుకొండ కొండ ఎక్కడుందో తెలియనంత మంచు. యజమాని రంగప్ప ఇంటి గేటు బయట, వీధిలో, ఆ పాత బుల్లి ట్రాక్టరు ఒళ్లంతా చెమ్మతో నిలబడి ఉంది. బెంగుళూరులో ఎవరి తోటలోనో అరిగి అరిగి మూలపడిన బండి. తన బత్తాయి తోటలో చీనీచెట్ల సాళ్ల మధ్య దూరుతుందని రంగప్ప కొనుక్కొచ్చాడు. పెట్రోలు పోసి లేపాలి, వేడెక్కాక కిరసనాయిలుకు మార్చాలి. చలికాలంలో దాన్ని లేపడమంటే మనిషి చచ్చి బతకాలి. ఆ విద్య చుట్టుపక్కల జయరాజుకే వచ్చు. మాలగేరిలో స్టీరింగు పట్టిన మొదటివాడు. చర్చిలో అయ్యగారు కూడా ‘డ్రైవరు జయరాజు’ అనే పిలుస్తాడు. అతనికి ఉన్న ఆస్తి ఆ పేరొక్కటే.

బండికి కొట్టంలోకి ప్రవేశం ఉంది, జయరాజుకు లేదు. పొద్దుగూకగానే గేటు దగ్గర ఆపి దిగిపోవాలి. అప్పుడు రంగప్ప తల్లి, ఊరంతా పెద్దక్క అని పిలిచే ముసలామె, చెంబుతో వస్తుంది. అందులో పసుపునీళ్లు, ఆవు పంచితం. సీటు మీద చల్లుతుంది, స్టీరింగు మీద చల్లుతుంది, చివరికి చెంబులో మిగిలిందంతా మ్యాగ్నెటో మీద బోర్లిస్తుంది. “వాని చెయ్యి ఎక్కువ పడేది ఆడే” అంటుంది. ఆ తర్వాతే పాలేరు అంజనప్ప బండిని లోపలికి తోస్తాడు, తెల్లారాక మళ్లీ వీధిలోకి తోస్తాడు. ఎండాకాలమైతే తెల్లారేసరికి ఆరిపోతుంది. చలికాలంలో ఎక్కడ ఆరుతుంది? తడిసిన మ్యాగ్నెటో నిప్పురవ్వ పుట్టించదు, నిప్పురవ్వ లేనిదే ఇంజను లేవదు. ఆమె మడి కట్టుకుంటే ఇతని మణికట్టు వాస్తుంది.

జయరాజు ప్లగ్గు విప్పి ఎండుపుల్లల మంటలో కాచాడు. అంజనప్ప వేడినీళ్ల కడవ తెచ్చి, జయరాజును దూరం జరగమని, తానే రేడియేటరులో పోశాడు. జయరాజు హ్యాండిలు దూర్చి తిప్పాడు. బండి ఒక్క దగ్గు దగ్గి, హ్యాండిలును ఎదురు తన్నింది. చెయ్యి మోచేతిదాకా జివ్వుమంది.

కూలివాళ్లందరూ చూస్తుండగా రంగప్ప దుప్పటి కప్పుకొని కాఫీ తాగుతూ వచ్చాడు.

“ఏమిరా, ఇంగా లేపలేదా? నిన్నా ఇదే కత. స్టార్టు చేసేదే రానోన్ని డ్రైవరని పెట్టుకోని కూచున్యా. హిందూపురంలో మావోడొకడు ఉండాడు, పిలిపిస్తా.”

కూలివాళ్లు కిసుక్కున నవ్వారు. నిన్న కాఫీ హోటల్లో కూడా రంగప్ప ఇదే మాట అన్నాడని జయరాజు విన్నాడు. ఈ మాట పదిమంది నోళ్లలో పడితే ఇక ఏ తోటలోనూ అతన్ని స్టీరింగు ముట్టనివ్వరు. పళ్లు బిగించి మళ్లీ తిప్పాడు. మంచు విడిపోయి ఎండ పడ్డాక గాని బండి లేవలేదు.

మధ్యాహ్నం తోటలో సాలు చివర రంగప్ప ఒంటరిగా దొరికాడు. జయరాజు ఇంజను ఆపకుండానే దిగాడు.

“సామీ, బండి లేయకపోయేది నా తప్పు కాదు. పెద్దక్క పోసే నీళ్లు మ్యాగ్నెటోలోకి దిగుతాండాయి. చలికి ఆరవు.”

రంగప్ప చీనీకాయ ఒలుచుకుంటూ తల కూడా ఎత్తలేదు.

“నాకు తెల్దనుకున్యావా?”

“తెలిసీ నన్నంటాండావా సామీ?”

“మరి ఎవర్నో ఒకర్ని అనల్ల గదరా. మా యమ్మను అనేదానికయితాదా?” రంగప్ప తొన నోట్లో వేసుకొని గింజ ఉమ్మేశాడు. “పోయి దున్నుపో.”

జయరాజు దున్నాడు. పొద్దువాలేదాకా దున్నాడు. తన చెయ్యి పడిందని ఇనుమును కడిగే మనుషులు వీళ్లు. నిజం తెలిసీ ఇంకొకడి నెత్తిన పేడ రుద్దే మనిషి ఈ రంగప్ప. ఇన్నేళ్లూ వీళ్లు తనను చూసి ముక్కు మూసుకుంటే తల వంచుకున్నాడు. ఇవాళ వీళ్లను తలుచుకుంటే తనకే వాంతి వస్తోంది. ఆ నీళ్ల కంపు అతని తువ్వాల్లో, అరచేతుల్లో, అన్నం ముద్దలో కూడా ఉంది. థూ అని చాలులోకి ఉమ్మాడు.

సాయంత్రం గేటు దగ్గర బండి ఆపాడు. కూలి జనం ఇంకా కదల్లేదు. పెద్దక్క చెంబుతో సిద్ధంగా ఉంది, పక్కన రంగప్ప నిలబడ్డాడు.

“సామీ, ఈళ్ల ముందర ఒక్క మాట చెప్పు. తప్పు నాది కాదని.”

రంగప్ప జనం వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు. “తిక్క గాని పట్టిందా? దిగి ఇంటికి పో.”

జయరాజు దిగాడు. పోయిన దసరాకు రంగప్ప కుట్టించిన ఖాకీ చొక్కా గుండీలు ఒక్కొక్కటే విప్పి, దాన్ని స్టీరింగుకు తొడిగాడు. చిరుగుల బనీనుతో, ఆ చలిలో, పెనుకొండ స్టేషను దారి పట్టాడు.

“యాడికిరా?” అన్నాడు అంజనప్ప.

“ధర్మవరం. రైలొస్తాది.”

వెనక్కి తిరగలేదు. కాసేపటికి మంచులో అతని వీపు కూడా కనిపించలేదు.

“ఆ చొక్కా తీసి అవతల పారేయరా” అంది పెద్దక్క.

“నేను ముట్టనమ్మా” అన్నాడు అంజనప్ప. కూలివాళ్లలో ఒక్కడూ ముందుకు రాలేదు. రంగప్ప వాళ్లను కసిరాడు, తాను మాత్రం చెయ్యి చాపలేదు. ఎన్ని నీళ్లు చల్లినా వాడు తొడిగిన గుడ్డ మైల పోదని, చొక్కా ఉండగా బండిని లోపలికి తోయడానికి పెద్దక్క ఒప్పుకోలేదు. ఎవరి దారిన వాళ్లు పోయారు. గేటు మూసుకుంది.

వీధిలో, స్టీరింగు మీద, ఆ ఖాకీ చొక్కా రెండు చేతులూ వేలాడేసుకొని తెల్లవార్లూ మంచులో తడిసింది.