పడవ అడుగు ఐసు

పదకొండింటికి జడ్జి వస్తుంది. గెలిస్తే దుర్గ జిల్లా సైన్సు ప్రదర్శనకు వెళ్తుంది. ఆమె తోకచుక్క నమూనాకు ఐసు తెస్తానని తల్లి నూకాలు మాట ఇచ్చింది. ఫిషింగ్ హార్బరు నుంచి ఆటోలో కంచరపాలెం బడికి వచ్చి, పెట్టె బల్ల మీద పెట్టింది.

దుర్గ మూత తీసి ముక్కు మూసుకుంది.

"ఏటిదమ్మా, ఈ కంపు!"

"నిన్నొచ్చిన పడవ అడుగున మిగిలిన ఐసే. చేపల ఏటకెల్లే పడవలోది తీత్తే కలిసిరాదు. మీ అయ్య నన్ను సంద్రంలోకి తోసేత్తాడు."

మార్చడానికి సమయం లేదు. దుర్గ ఏడుపు ఆపుకుని ఆ ఐసులోనే ఇసుక, బొగ్గుపొడి కలిపి ముద్ద చేసింది. జడ్జిగా వచ్చిన లెక్చరర్ రోజారమణి వంగి వాసన చూసింది.

నూకాలు ముందుకొచ్చింది. "తప్పు నాదేనమ్మా. పిల్లకి మార్కులు తగ్గించకండి."

"ఉండమ్మా!" రోజారమణి గొంతు పెరిగింది. "సూర్యుడు పుట్టినప్పుడు మిగిలిపోయిన మంచు, దుమ్ము కలిసి తోకచుక్కలయ్యాయి. దూరాన చలిలో ఉండబట్టి పాడవలేదు. ఒకదాని దగ్గరికి వెళ్లిన వ్యోమనౌక అక్కడ మిథైలమైన్ పట్టింది. దానిది చేపల కంపే! ప్రోటీన్లకు ముడిసరుకైన గ్లైసీన్ కూడా దొరికింది. వాసనతో సహా తోకచుక్కను తెచ్చినవాళ్లను నేనింతవరకు చూడలేదు."

జిల్లా జాబితాలో దుర్గ పేరు రాసింది.

దుర్గ తల్లి భుజాలు పట్టి ఊపేసింది. "అమ్మా, జిల్లాకీ ఈ ఐసే తేవాల!"

"ఏ చేపలేసిన పడవదే?" అంది నూకాలు. "కవళ్లదా, కానాగంతలదా?"