ఉడత ఇంటికి వాస్తు

మా ఆయన వెంకటకృష్ణారావు గారు ఎవరు చెప్పినా వినరు. తను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. తొంభై ఆరులో విజయవాడంతా వాస్తు పిచ్చి పట్టి జనం ఉన్న గోడలు పగలగొట్టి లేని గోడలు కట్టుకుంటుంటే, ఈయన అందరికన్నా రెండాకులు ఎక్కువే చదివారు. మంచం తిప్పారు, బీరువా తిప్పారు, ఆఖరికి నా రుబ్బురోలు కూడా తిప్పించారు.

ఆ మే నెలలో రోళ్లు పగిలే ఎండలు. పెరటివైపు కిటికీకి బిగించిన కూలరు వేద్దామని స్విచ్చి మీద చెయ్యి పెట్టానో లేదో, అందులోంచి కిచకిచమని చప్పుడు. దాని తలుపు తీసి చూద్దును కదా, రెక్కల పక్కనే గడ్డి పోగేసుకుని ఉడత పిల్లలు! ఇంకా కళ్లయినా తెరవలేదు. మా ఇంట్లో పురుడు జరిగిందని నేను ఎగిరి గంతేశాను.

“పురుడు సంగతి సరే, సాయంత్రం అక్కయ్య వస్తోంది. ఆవిడ అసలే బీపీ మనిషి. కూలరు లేకపోతే ఎట్లా?” అన్నారాయన.

“కూలరు వేస్తే పిల్లలు ముక్కలైపోతాయండీ!”

“అయితే తీసి పక్కన పెట్టు.”

“మన చెయ్యి తగిలితే తల్లి మళ్లీ దగ్గరికి రానివ్వదంట. అదే మోసుకుపోవాలి. దానికో ఇల్లు కట్టిపెడదాం.”

ఇల్లు అన్న మాట ఆయన చెవిన పడకుండా ఉండాల్సింది. వెంటనే దిక్సూచి తెచ్చుకున్నారు.

పక్కింటి జైతూన్ బీ వాళ్లది పళ్ల వ్యాపారం. మామిడిపళ్లొచ్చిన చెక్కపెట్టె ఒకటి గోడ మీంచి అందించింది. నేను దానికి గుండ్రంగా కన్నం చేసి, లోపల పాత చీర పీలికలు పరిచాను. ఈయన పెరడంతా కొలిచి కొలిచి, దూరంగా ప్రహరీ పక్కన గుంజ పాతి, తూర్పు గుమ్మం వచ్చేలా పెట్టె బిగించారు. అంతటితో ఊరుకున్నారా? గుమ్మానికి పసుపూ కుంకుమా పెట్టి, మామిడాకు కట్టి, నన్ను పాలు పొంగించమన్నారు.

“ఉడతకి పాలు పొంగించడమేంటండీ!”

“గృహప్రవేశమంటే మాటలా!”

గోడ అవతల జైతూన్ బీ పడీపడీ నవ్వుతోంది. “భోజనాలు ఎప్పుడు, అన్నా? మేమూ వస్తాం!”

నాకూ నవ్వాగలేదు. నవ్వుకుంటూనే పాలు పొంగించాను.

తల్లి ఉడత వచ్చింది. దూరంగా ఉన్న పెట్టెకేసి చూసింది. ప్రహరీ మీద కూర్చున్న పిల్లికేసి చూసింది. తోక ఎగరేసి కూలర్లోకే దూరింది. మధ్యాహ్నం దాటినా అంతే. పిల్లి ఉండగా పిల్లల్ని నోట కరుచుకుని పెరడంతా ఎలా దాటుతుంది? నా నవ్వు ఎగిరిపోయింది. వదిన వచ్చి కూలరు వెయ్యమంటే ఆ పసికూనల గతేమిటి?

“ఆ పెట్టె ఊడదీసి కూలరు ముందు పట్టుకోండి. నాకు అందదు,” అన్నాను.

“అట్లా పడితే గుమ్మం దక్షిణానికి తిరుగుతుందే! యముడి దిక్కు!”

“నోరు మూసుకుని పట్టుకోండి!”

కాపురానికొచ్చాక ఆయన్ని అంత మాట అనడం అదే మొదలు. జైతూన్ బీ కూడా నవ్వు ఆపేసింది. ఆయన గొణుక్కుంటూనే పెట్టె ఊడదీసి, కూలరుకి ఎదురుగా ఎత్తి పట్టుకున్నారు.

నెత్తి మాడే ఎండ. చాలాసేపటికి తల్లి తల బయట పెట్టింది. నోట్లో పిల్ల! టక్కున పెట్టెలోకి గెంతింది. అరవకుండా నేనూ జైతూన్ బీ నోట్లో కొంగు కుక్కుకున్నాం. అది బయటికొచ్చి, ఆయన మోచేతి మీంచి భుజమెక్కి, బట్టతల మీద నిలబడి నాలుగు వైపులా చూసుకుని మళ్లీ కూలర్లోకి దూకింది. ఆయన చొక్కా తడిసి ముద్దయింది. చేతులు నొప్పెట్టి మొహం కందిపోయింది. పెట్టె మాత్రం కదల్లేదు. అంత ముద్దుగా ఆయన నాకు పెళ్లిపీటల మీద కూడా కనిపించలేదు.

ఇంతలో రిక్షా దిగి అమలమ్మ వదిన పెరట్లోకే వచ్చేసింది. తమ్ముణ్ణి చూసి నోరు తెరిచింది.

“ఒరేయ్, దక్షిణం గుమ్మమేంట్రా? పోయినేడు మా ఇంటి దక్షిణం తలుపు ఇటుకలతో మూయించింది నువ్వే కదరా!”

“ష్! అరవకే అక్కా,” అన్నారాయన కూలరు మీంచి చూపు తిప్పకుండా. “లోపల ఇంకో పిల్ల ఉంది.”