తెల్ల గీతలు

ఆస్పత్రిలో నన్ను సైరన్ అంటారు. నా నోరు అలాంటిది మరి. ఆపరేషన్ కత్తులకూ కత్తెరలకూ ఆవిరి పట్టే గదిలో పదహారేళ్లుగా పెత్తనం నాదే. పెద్ద డాక్టరైనా సరే, చెప్పులతో లోపలికొస్తే కడిగిపారేస్తాను. ఆదివారం సంఘంలో ఆడవాళ్లకు పాఠం చెప్పేదీ నేనే. "ప్రభువు మాట వింటే చాలదమ్మా, చెయ్యాలి" అని బల్ల గుద్ది మరీ చెప్పేదాన్ని. ఎదుటివాళ్లకు చెప్పడానికేం, ఎంతైనా చెబుతాం.

మా పని తెలియనివాళ్లకు ఒక్క ముక్క చెప్పాలి. పరికరాలు గుడ్డలో మూటకట్టి, పైన ఒక పట్టీ అంటించి ఆవిరి మిషన్లో పెడతాం. వేడి సరిగ్గా తగిలితే పట్టీ మీది తెల్ల గీతలు నల్లబడతాయి. తెల్లగానే ఉంటే క్రిములు చావలేదు, ఆ మూట పచ్చిదన్నమాట. అది ఆపరేషన్ గదిలోకి పోకూడదు.

గురువారం నాకు ఉపవాసం. మధ్యాహ్నం నేనూ, నా దగ్గరే పనిచేసే మా తోటికోడలూ మిషను ముందు నిలబడి ప్రార్థన చేసుకుంటాం. మిషన్‌కు అరగంట, మా ప్రార్థనకూ అరగంట. కొన్నాళ్లకు గడియారం చూడడమే మానేశాం. ఆమేన్ అనడం, తలుపు తియ్యడం.

ఆ గురువారం కూడా అంతే. ఆమేన్ అన్నాను, మూటలు దించాం, పట్టీల వంక చూడకుండానే పుస్తకంలో సంతకం గీకాను. ఒక మూట అప్పటికప్పుడు ఆపరేషన్‌కు వెళ్లిపోయింది. అక్కడి నర్సూ చూసుకోవాలి నిజానికి. కానీ సైరన్ సంతకం ఉంటే ఎవరు చూస్తారు?

సాయంత్రం మిగిలిన మూటలు అరలో సర్దుతుంటే గీతలు కనిపించాయి. అన్నీ తెల్లగానే ఉన్నాయి. మా తోటికోడల్ని పిలిచి చూపించాను.

"మధ్యలో కరెంటు పోయి వచ్చిందక్కా. మిషను చప్పుడు ఆగింది" అంది మా తోటికోడలు, నేల చూస్తూ.

"మరి చెప్పవేంటే?"

"ప్రార్థనలో కళ్లు తెరిస్తే నువ్వు తిడతావుగా."

నిజమే, తిడతాను.

వెళ్లిన మూట ఒక దర్జీ అమ్మాయి మోకాలి ఆపరేషన్‌కు వాడారు. పాతికేళ్లుంటాయి. రోజంతా కుట్టు మిషను తొక్కే కాలు. వెంటనే పైకెళ్లి డాక్టరుకు చెప్పాలి. దేవుడు నన్ను అడిగింది ఆ ఒక్కటే. కానీ చెబితే నా పదహారేళ్ల పేరు మట్టిలో కలుస్తుంది. నాతోపాటు, నిరుడే పనిలో చేరిన మా తోటికోడలూ వీధిన పడుతుంది.

"ప్రార్థన చేద్దాం, ఏమీ కాదులే" అన్నాను. మిగిలిన మూటలు మళ్లీ మిషన్లో పెట్టాను.

శుక్రవారం ఆ అమ్మాయికి జ్వరం. నేను వార్డుకు వెళ్లాను. మంచం పక్కన వాళ్లమ్మ కూర్చుని ఉంది. పిల్ల తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాను. "దేవుడే పంపాడు తల్లీ నిన్ను" అని ఆవిడ నా చేతులు కళ్లకద్దుకుంది. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని బయటికొచ్చాను. శనివారానికి కాలు ఉబ్బి రంగు మారింది. మళ్లీ వెళ్లాను, ఇంకా గట్టిగా ప్రార్థించాను. ఛీ, ఎంత సిగ్గులేని మనిషిని!

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారి దగ్గర ఆగాను.

"అయ్యా, తెలిసిన సోదరి ఒకామె పెద్ద తప్పు చేసింది. ఏం చెయ్యాలో ప్రభువు చూపించాలని ప్రార్థించండి."

ఆయన చాప చుట్టడం ఆపి నా మొహంలోకి చూశారు. "ఏం చెయ్యాలో ఆమెకు తెలియదా?"

"తెలుసండీ."

"మరి ప్రార్థన దేనికమ్మా? వెళ్లి చెయ్యమను."

అట్నుంచి అటే ఆస్పత్రికి పరిగెత్తాను. డాక్టరు ముందు సంతకం పుస్తకం పెట్టి, జరిగిందంతా చెప్పాను. మా తోటికోడలి తప్పేం లేదని కూడా చెప్పాను. నేను ఎన్నోసార్లు కసిరిన మనిషి ఆయన. ఇప్పుడు కనీసం గొంతైనా పెంచలేదు.

"గురువారమే చెప్పుంటే అప్పుడే తెరిచి శుభ్రం చేసేవాళ్లం. ఇప్పుడు కాలు తియ్యాలి. ప్రాణం దక్కుతుందో లేదో చూడాలి" అన్నారు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను. అక్కడికే నా పని అయిపోలేదు. చెప్పాల్సిన మనిషి ఇంకొకరున్నారు. వార్డుకు వెళ్లాను. నన్ను చూడగానే ఆవిడ లేచి నా చెయ్యి పట్టుకుంది. "వచ్చావా తల్లీ? కాలు తీస్తారంట. ప్రార్థన చెయ్యి."

చెయ్యలేదు. నిలబడే అంతా చెప్పాను. మూట, తెల్ల గీతలు, నా సంతకం, ఈ మూడు రోజులు. ఆవిడ అరవలేదు, కొట్టలేదు. కొడితే బాగుండుననిపించింది.

ఒక్కటే అడిగింది. "మరి నా బిడ్డ తలమీద చెయ్యి పెట్టి, దేవుణ్ణి ఏం అడిగావమ్మా?"

"పిల్లను బాగు చెయ్యమని" అన్నాను. అది సగమే నిజం. ఆ మిగతా సగం కూడా చెప్పాలి. "తను బాగైపోతే, ఇక నేను ఎవరికీ చెప్పక్కర్లేదని."

ఆవిడ నా చేతిలోంచి తన చెయ్యి తీసేసుకుంది.